ఎర్ర అట్ట పుస్తకం చివర ఏమైంది

రాయిగూడెంలో పుస్తకాలను ఎవరూ పేరు పెట్టి పిలవరు. అట్టను బట్టి పిలుస్తారు. నెమలి బొమ్మ, మీసాలాయన, నీలం అట్ట, ఎర్ర అట్ట. శాఖా గ్రంథాలయంలో ఉన్న నవలలన్నీ ఊరి ఆడవాళ్లకు కంఠతా వచ్చు. అలాగని వాళ్లలో పుస్తకం తెరిచినవాళ్లు పెద్దగా లేరు. మగ్గం ఉన్న ఇంట్లో ఆడమనిషి రెండు చేతులూ పొద్దస్తమానం నూలు మీదే ఉంటాయి. అందుకని చదివే పని ఊరందరి తరఫునా అండాలు ఒక్కతే చేసేది.

అండాలు బడికి పోయిన మనిషి కాదు. నూలు కట్టల మీది చీటీలు, రంగు డబ్బాల మీది పేర్లు, కిరాణా పొట్లాల మీది వార్తలు కూడబలుక్కుంటూ తనంత తనే అక్షరాలు పట్టుకుంది. పొట్లం మీద వార్త ఎప్పుడూ సగంలోనే చిరిగిపోయి ఉండేది. దొంగ దొరికాడో లేదో, బోర్లాపడ్డ బస్సులో ఎవరు బతికారో తెలిసేది కాదు. తెలియకపోవడమే ఆమెకు హాయిగా ఉండేది.

ఎందుకంటే అండాలుకు చివర అంటే భయం. పెళ్లయిన కొత్తలో మగడు భివండిలో మరమగ్గాల పనికి పోతుంటే రోడ్డు దాకా వెళ్లి బస్సెక్కించింది. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు, ఈమె కూడా ఊపింది. తర్వాత ఆయన రాలేదు, కబురొచ్చింది. చెయ్యి ఊపకుండా ఉంటే వచ్చేవాడేమో అని ఆమె మనసులో ఒక మూల ఇప్పటికీ అనుమానమే. అప్పటి నుంచి ఎవరినీ సాగనంపదు. పెళ్లికి పోతే అప్పగింతల ముందే పొయ్యి మీద పాలున్నాయంటూ లేచి వచ్చేస్తుంది. బడి పంతులమ్మకు బదిలీ సన్మానం చేస్తే ఆ రోజంతా కడుపు నొప్పితో పడుకుంది. విరిగిపోయిన రాట్నాన్ని కూడా పారేయనివ్వక అటక మీద దాచింది.

పుస్తకాలతోనూ అదే వరస. కుడి చేతి కింద పుస్తకం పలచబడే కొద్దీ ఆమె గుండె దడదడలాడేది. ఇక నాలుగు పేజీలుంటాయనగా, అందులో ఎవరు పోతారో ఎవరు మిగులుతారో అని చెమటలు పట్టి, మూసేసి తీసుకెళ్లి ఇచ్చేసేది.

"అయిపోయిందా పెద్దమ్మా?" అని అడిగేవాడు లైబ్రరీ పరమేశ్వర్.

"అయినట్టే బిడ్డా," అనేది.

మధ్యాహ్నం హనుమమ్మ ఇంటి ముందు గదిలో ఆడవాళ్లందరూ రాట్నాల ముందు కూర్చుని నూలు కండెలు చుడుతుంటే అండాలు కథ చెప్పేది. పుస్తకంలో ఎంతవరకు ఉందో అంతవరకు అక్షరం పొల్లుపోకుండా చెప్పేది. ఆపైన ఆమె సొంతం. ఆమె చివరల్లో ఎవరెక్కడికి పోయినా తిరిగొస్తారు. జైలుకు పోయినవాడు వస్తాడు, కోపంతో పుట్టింటికి పోయిన కోడలు వస్తుంది, డాక్టరు పెదవి విరిచిన ముసలాయన లేచి కూర్చుంటాడు. అందరూ కాళ్లు కడుక్కుంటారు. వరసగా కూర్చుని అన్నం తింటారు.

"ఏం కూరనే ఈసారి?" అనేది హనుమమ్మ రాట్నం తిప్పుతూనే.

"సొరకాయ పప్పు."

"నెమలి బొమ్మల గూడ సొరకాయ పప్పేనాయె."

"వాళ్ల పెరట్ల కాసింది మరి. నన్నేం చెయ్యమంటవ్?"

ఇట్లా ఏళ్ల తరబడి సాగింది. గ్రంథాలయంలోని నవలలన్నీ సొరకాయ పప్పుతో ముగుస్తాయని రాయిగూడెం నమ్మకం.

గ్రంథాలయం అంటే ఒకటే గది. పూర్వం చేనేత సంఘం నూలు గోదాము. ఇప్పటికీ వానొస్తే రంగుల వాసన వస్తుంది. పొద్దున ముసలివాళ్లు పేపరు కోసం వస్తారు. పేపరు ఒక్కటే కాబట్టి పేజీలు విడదీసి పంచుకుంటారు. ఆ తర్వాత ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు ఫ్యాను కింద జాగా కోసం వస్తారు. వాళ్లలో అందరికంటే ముందు వచ్చి, అందరికంటే తర్వాత పోయేది హనుమమ్మ మనవరాలు ప్రవళిక. ఇక ఫోన్లో వచ్చిన ముచ్చట నిజమా కాదా తేల్చుకోవడానికి ఊళ్లో మిగతావాళ్లు వస్తారు. ఫోన్లు అందరి దగ్గరా ఉన్నాయి. రేపటి నుంచి ఉప్పు దొరకదని ఒకసారి, పచ్చి కాకరకాయ నమిలితే చత్వారం పోతుందని ఒకసారి వస్తుంటాయి. కాకరకాయ నమిలిన ముసలి గాలయ్యకు చత్వారం పోలేదు గానీ మొహం మాత్రం రెండు రోజుల వరకు మామూలు కాలేదు. అప్పటి నుంచి ఫోన్లో ఏది వచ్చినా ఆయన గ్రంథాలయానికి వచ్చి, "పేపర్ల పడ్డదా?" అని అడుగుతాడు. పడితేనే నమ్ముతాడు.

ఊరి గ్రంథాలయం ఎత్తేస్తున్నారన్న ముచ్చట కూడా ముందు ఫోన్లోనే వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. మూడో నాటికి జిల్లా పేజీలో పడింది. గాలయ్య ఆ పేజీ పట్టుకుని అరుగు మీద నిలబడిపోయాడు.

పరమేశ్వర్ అందరినీ కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. పాఠకులు లేని చిన్న గ్రంథాలయాలన్నిటినీ మండలంలో ఒక్కచోట కలుపుతారట. పుస్తకాలు వ్యానులో ఎక్కించుకుపోతారట. ఇక్కడ గోడకు ఒక బొమ్మ అంటించి పోతారట, దాన్ని ఫోన్‌తో ఫోటో తీస్తే అన్ని పుస్తకాలూ ఫోన్లోకి వస్తాయట.

"మరి పాఠకులు ఉన్నరు గదా? రోజు సంతకాలు పెడ్తనే ఉన్నం గదా?" అన్నాడు గాలయ్య.

"సంతకాలు పేపరుకు పెడ్తరు, ఫ్యానుకు పెడ్తరు అన్నడట జిల్లా ఆఫీసు సారు. అందుకే ఆయనే వచ్చి మాట్లాడ్తడట. పుస్తకాలు సదివినోళ్లు కావాలె. ఏ పుస్తకంల ఏమున్నదో అడుగుతడట. నిజంగ సదివినోళ్లు ఉన్నరని నమ్మితే ఉంచుతడు, లేదంటే వ్యాను వస్తది." పరమేశ్వర్ ముఖం వాడిపోయి ఉంది. "సదివింది ఒక్క పెద్దమ్మనే. ఒక్కదాన్ని సూపిస్తే ఏం నమ్ముతడు?"

"ఒక్కతేంది?" అని లేచింది హనుమమ్మ. "మాకు తెల్వని పుస్తకం ఏదున్నది? నెమలి బొమ్మ అడుగు, మీసాలాయన అడుగు. మొదటికెళ్లి చివరిదాంక చెప్తం. మేమందరం వస్తం. నువ్వు జర ఫికర్ జేయకు."

పరమేశ్వర్ ముఖం విప్పారింది. ఆడవాళ్లంతా తలలూపారు. అండాలు ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

చివరిదాంక అన్న మాట ఆమె చెవిలో గంటలా మోగుతోంది. ఆ సారు చివర అడిగితే? ఒక్కరు తప్పు చెబితే మరచిపోయిందనుకుంటారు. ఊరంతా కలిసి ఒకే తప్పు చెబితే ఏమనుకుంటారు? సొరకాయ పప్పుతో సహా? ఎవరో నేర్పించి తెచ్చారనుకుంటారు. వ్యాను వస్తుంది. బీరువాల్లోంచి పుస్తకాలు ఒక్కొక్కటే దిగి వ్యాను ఎక్కుతాయి. ఆ గది గుమ్మంలో తను నిలబడి చూడాలి. ఆ ఊహకే ఆమెకు మంచినీళ్లు కావలసి వచ్చాయి.

చేయవలసింది ఒక్కటే. చివరలు చదివి, అందరికీ అసలు సంగతి చెప్పాలి. ఎర్ర అట్టను ఇంటికి తీసుకెళ్లి తెరిచింది. అలవాటుగా ఆగే చోటుకు వచ్చింది. కృష్ణ ఒడ్డున ఊరు. నది మీద గుండ్రటి పుట్టి నడిపే నర్సింగం, వాడు మనసిచ్చిన లింగమ్మ. డ్యాము నీళ్లు ఊరి మీదికి వస్తున్నాయి. పేజీ తిప్పబోయింది. వేలు లేవలేదు. కళ్లద్దాలు తుడుచుకుంది. మళ్లీ ప్రయత్నించింది. పొయ్యి మీద పాలేమైనా పెట్టానా అని లేచి చూసింది. పొయ్యే వెలిగించలేదు. పుస్తకం చంకన పెట్టుకుని గ్రంథాలయానికి వెళ్లి, ఫ్యాను కింద కూర్చున్న ప్రవళిక ముందు నిలబడింది.

"బిడ్డా, జర నాకొక సాయం చెయ్యి. ఈ కథల పుస్తకాలన్ని చివర్లు సదువు. సదివి, ఆడోళ్లకు చెప్పు. నాకు మాత్రం చెప్పకు."

ప్రవళిక అర్థం కానట్టు చూసింది. సంగతి విన్నాక పెన్ను కింద పెట్టింది. "అవ్వా, ఇన్నేండ్ల సంది ఒక్క పుస్తకం గూడ పూర్తి చెయ్యలేదా నువ్వు?"

"మెల్లగ అనవే."

"గింతేనా పని? చివరి రెండు పేజీలు సదివితే చాలు. నడుమ ఏముంటది, అంత వర్ణననే గదా."

పరీక్షలకు చదివే పిల్ల కనుక ఒక్క పూటలో అన్నీ తేల్చేసింది. మర్నాడు మధ్యాహ్నం రాట్నాల ముందు నిలబడి బిట్లు చదివినట్టు మొదలుపెట్టింది. "నెమలి బొమ్మ. కోడలు పుట్టింటికి పోయింది, మళ్ల రాలే. మీసాలాయన. జైల్ల సచ్చిపోయిండు. నీలం అట్ట. తల్లి పోయింది, అన్నదమ్ములు ఎవరి దారి వాళ్లు పట్టిన్రు."

అండాలు ఇంటి వెనక రంగు గిన్నెల దగ్గర, రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని, వినపడకుండా గట్టిగా కూనిరాగం తీస్తూ కూర్చుంది.

లోపల రాట్నాలు ఆగిపోయాయి.

"ఏందే నువ్వు, అందర్ని వరుసబెట్టి సంపుకుంట పోతున్నవ్?" అంది హనుమమ్మ పక్కన కూర్చున్న యాదమ్మ.

"నేను సంపుతున్ననా? రాసినోళ్లు సంపిన్రు."

"రాసినోళ్లకేం ఎర్క? మా అండాలక్క చెప్పింది. మీసాలాయన ఇంటికొచ్చిండు. కాళ్లు గడుక్కున్నడు."

"అండాలవ్వ చివర సదవదు! సొంతంగ కల్పిస్తది! ఆమెనే చెప్పింది నాకు!"

హనుమమ్మ మనవరాలిని కింది నుంచి పైదాకా చూసింది. "పరీక్షలకు సదివి సదివి నీకు మెదడు వేడెక్కింది. నెత్తికి ఇంత ఆముదం పెట్టుకో." తర్వాత ఆలోచించింది. సారుకు ఏ చివర కావాలో చదువుకున్న పిల్లకే తెలుస్తుంది కదా అనుకుంది. "సరే తియ్. సారు ముంగట నీ అబద్ధమే చెప్తం. లైబ్రరి కోసం తప్పదాయె."

ఆ విధంగా ఊరి ఆడవాళ్లంతా నిజాన్ని అబద్ధంగా కంఠస్థం చేశారు. ఏడుస్తూ చేశారు. మీసాలాయన జైల్లో చచ్చిపోయాడని అప్పజెప్పిన ప్రతిసారీ యాదమ్మ, "తప్పు క్షమించు తండ్రీ," అని లెంపలేసుకునేది.

సారు వచ్చే రోజు రానే వచ్చింది. ఆయన పేరు అశోక్‌కుమార్. చేతిలో ఫోను, మెడలో గుర్తింపు కార్డు, ముఖాన తొందర. ఇంకా చాలా ఊళ్లు చూడాలట. కూర్చోకుండానే చెప్పాడు.

"చూడండమ్మా, ఇది సమాచార యుగం. ఈ గదిలో ఉన్నదంతా, దానికి లక్ష రెట్లు ఎక్కువ, ఇందులో ఉంది." ఫోను పైకెత్తి చూపించాడు. "కూర్చున్న చోటికే ప్రపంచం వస్తుంది. బీరువాలకు తాళాలు వేసుకుని కాపలా కాయడం దేనికి? పుస్తకాలు తీసుకునేవాళ్లు ఉన్నారంటే వేరే సంగతి. మీరంతా చదివారంటున్నారు పరమేశ్వర్."

"సదివినం సార్," అన్నారు అందరూ ఒక్కసారే.

ఆయన బీరువా దగ్గరకు వెళ్లి పుస్తకాల మీదుగా వేలు జరుపుకుంటూ పోయి, ఒక్కచోట ఆగాడు. ఎర్ర అట్ట బయటికి తీశాడు. ఆయన ముఖంలోంచి తొందర కాస్త తగ్గింది. "ఇది నేను డిగ్రీలో ఉన్నప్పుడు చదివాను. రెండు రోజులు అన్నం సయించలేదు. ఏమ్మా, మీరు చెప్పండి. చివర నర్సింగం, లింగమ్మ ఏమయ్యారు?"

అడిగింది హనుమమ్మనే. ఆమె లేచి కొంగు సర్దుకుంది. "నర్సింగం... లింగమ్మ..." అని ఆగింది. ప్రవళిక వెనక నుంచి పెదవులు కదుపుతోంది. ఆ ఇద్దరినీ విడదీయడానికి హనుమమ్మకు నోరు రాలేదు.

"ఇగో సార్," అంది చివరికి, "చెప్పుమన్నది ఒకటున్నది, అసలైంది ఒకటున్నది. మీకేది గావాలె?"

పరమేశ్వర్ తల పట్టుకున్నాడు. అశోక్‌కుమార్ కనుబొమలు పైకెళ్లాయి. "అసలైందే చెప్పండి."

"అసలైందంటే, నీళ్లొచ్చినయి. అందరు ఊరిడ్శిన్రు. నర్సింగం లింగమ్మను పుట్టిల ఎక్కించుకొని కొల్లాపురం దిక్కు తీస్కపోయిండు. లగ్గం చేస్కున్నరు. కొత్తిల్లు గట్టిన్రు. అందరు కూసోని బువ్వ దిన్నరు."

"సొరకాయ పప్పు," అంది వెనక నుంచి ఎవరో.

"లేదమ్మా. వాళ్లు కలవరు."

"కలుస్తరు సార్."

"కలవరమ్మా, నేను చదివాను."

"మీరు సదివి ఎన్నేండ్లాయె? మేం మొన్ననే విన్నం. మీరు మర్శినట్టున్నరు."

"కలవరనే చెప్పాలె గదనే, ప్రవళిక చెప్పలేదా?" అని యాదమ్మ హనుమమ్మ చెయ్యి గుంజింది. "సార్, కలవరు సార్! లింగమ్మ పోతది, ఆయన ఉంటడు. మీసాలాయన గూడ సచ్చిపోయిండు సార్!"

"నీకు సిగ్గున్నదానే? బతికున్న మనిషిని సంపుతవా?"

"నేర్సుకున్నం గదా!"

"నేర్సుకున్నమని సారు ముంగట చెప్తవా?"

గది రెండుగా చీలిపోయింది. గాలయ్య పేపరు పక్కన పెట్టి, తాను ఏ పక్షమో తెలియకపోయినా, "ఆఁ, గదే గదే," అని రెండు పక్షాలకూ అన్నాడు. అండాలు బీరువా పక్కన గోడలోకి దూరిపోదామన్నట్టు నిలబడి ఉంది. అంతా అయిపోయిందని ఆమెకు తెలిసిపోయింది. వ్యాను చప్పుడు అప్పుడే చెవుల్లో వినిపిస్తోంది.

అశోక్‌కుమార్ చెయ్యెత్తాడు. ఇంతమంది ఇంత గట్టిగా చెబుతుంటే ఆయనకే అనుమానం వచ్చినట్టుంది. "ఆగండి, ఆగండి. దీనికి ఇంత గొడవ ఎందుకు? ఒక్క నిమిషంలో తేలిపోతుంది." ఫోను నోటి దగ్గర పెట్టుకుని, పుస్తకం పేరు చదివి, చివర ఏమైందో చెప్పమన్నాడు.

ఫోనులోంచి ఒక ఆడగొంతు తియ్యగా, తడుముకోకుండా చెప్పింది. నవల చివర నర్సింగం, లింగమ్మ హైదరాబాదు చేరి, అక్కడ టిఫిన్ సెంటర్ పెట్టి, కష్టపడి పైకొచ్చి, పది మందికి ఉపాధి కల్పించారట. శ్రమకు ఫలితం ఉంటుందని రచయిత సందేశమట.

హనుమమ్మ మెల్లగా అంది.

"సార్, మీ ఫోన్ గూడ చివర సదవలేనట్టున్నది."

ముందు నవ్వింది పరమేశ్వర్. నవ్వి, భయపడి ఆపుకున్నాడు. కానీ అప్పటికే ప్రవళిక పుస్తకాల వెనక ముఖం దాచుకుంది, గాలయ్య ముందు పళ్లు లేని నోరంతా తెరిచాడు. అశోక్‌కుమార్ కాసేపు ఫోను వంకే చూసి, దాన్ని జేబులో వేసుకుని, మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పుస్తకం ఇక్కడే ఉండగా మనం కొట్టుకోవడం ఏమిటి? తెరిచి చూద్దాం. వీళ్లందరికీ చదివి చెప్పేది ఎవరు?"

అందరి తలలూ బీరువా వైపు తిరిగాయి.

"నాకు కండ్లు సక్కగ కనవడ్తలేవ్ సార్," అంది అండాలు.

"అద్దాలు పెట్టుకునే ఉన్నావు గదనే," అంది హనుమమ్మ.

పుస్తకం అండాలు చేతిలోకి వచ్చింది. తప్పించుకునే దారి లేదు. గుమ్మానికి అడ్డంగా ఊరి ఆడవాళ్లంతా కూర్చుని ఉన్నారు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పబోయింది. చెప్పినా ఎవరూ దారి ఇచ్చేలా లేరు. చదవనంటే వ్యాను వస్తుంది. చదివితే ఆ ఇద్దరూ విడిపోతారు. సారు కలవరని అన్నప్పుడే ఆమెకు అర్థమైంది, విడిపోతారని. ఇంతకాలం విడిపోకుండా తనే వాళ్లను పట్టుకుని ఉంది.

పుస్తకం తెరిచింది. తను ఆగే చోటు దాకా పేజీలు పసుపెక్కి, అంచులు మెత్తబడి ఉన్నాయి. అక్కడి నుంచి తెల్లగా, బిరుసుగా, కొత్తవి. తిప్పింది.

నీళ్లు ఊరి పొలిమేర దాటాయని చదివింది. మనుషులు ఇంటి దూలాలు విప్పుకుని బండ్లకెత్తారని చదివింది. లింగమ్మ తండ్రి పొయ్యిరాళ్లు కూడా పెకలించి గోనెలో వేసుకున్నాడట. నర్సింగం ఒక్కొక్క ఇంటినీ పుట్టిలో అవతలి ఒడ్డుకు చేర్చాడట. చివరి ఇల్లు లింగమ్మది. ఆమెను దించి, వాడు పుట్టి వెనక్కి తిప్పాడు.

"'నువ్వు రావా?' అని లింగమ్మ అడగలేదు," అని చదివింది అండాలు. "'వస్తానని నర్సింగం చెప్పలేదు. నీళ్ల మీద పుట్టి గుండ్రంగా తిరుగుతూ పోయింది. వాడి ముఖం ఒకసారి ఇటు కనిపించింది, ఒకసారి అటు తిరిగింది. లింగమ్మ చెయ్యి ఊపలేదు. ఊపితే వాడు పోతున్నట్టు అవుతుందని.'"

అండాలు ఆగిపోయింది. ఆ వాక్యాన్ని కళ్లతో మళ్లీ చదువుకుంది. ఎన్నో ఏళ్ల కిందట, ఎక్కడో కూర్చుని, తనెవరో తెలియని మనిషి రాశాడు దీన్ని. ఇంతకాలం ఇది ఈ బీరువాలోనే, తను ఆపిన చోటుకు నాలుగు పేజీల అవతలే ఉంది.

"ఆగినవేంది?" అంది యాదమ్మ ముక్కు చీదుతూ.

మిగిలిన నాలుగు వాక్యాలూ చదివింది. అయిపోయింది. కింద తెల్లకాగితం. పుస్తకం మూసి, తల ఎత్తడానికి భయపడి, కాసేపు అట్ట వంకే చూసింది. తర్వాత చూసింది. ఎవరూ ఎక్కడికీ పోలేదు. హనుమమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. గాలయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నడుమ అంతా వర్ణన అన్న పిల్ల రెండు మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఉంది. బయట సారు జీపు డ్రైవర్ హారన్ కొట్టాడు. సారు లేవలేదు.

"వాని పాడుగాను," అంది హనుమమ్మ. "గంత పుస్తకం రాసి, ఒక్క బుక్క అన్నం పెట్టకపాయె వాళ్లకు."

ఆ మాటకు ఏడుస్తున్న వాళ్లంతా నవ్వారు. నవ్వు ఆగాక హనుమమ్మ అండాలు వైపు తిరిగింది. ఇప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు.

"అంటే ప్రవళిక చెప్పిందే నిజమన్నట్టు. ఇన్నేండ్లు మాకు సొరకాయ పప్పు పోసినవా?"

"నేను గూడ గదే తిన్న," అంది అండాలు తల వంచుకుని. "నేను గూడ సదవలే."

"మీసాలాయన నిజంగ సచ్చిండా?"

"నాకు తెల్వదు."

"తెల్వదంటే ఎట్ల? నాకు తెల్వాలె." హనుమమ్మ లేచి బీరువా దగ్గరికి పోయింది. "పరమేశ్వరూ, ఆ మీసాలాయనను ఇటియ్యి. ఇంటికి తీస్కపోత. ఈ ప్రవళిక సదివి ఇనిపిస్తది, నా కండ్ల ముంగట. ఒక్క ముక్క ఇడిశినా ఊకోను."

"అవ్వా, నాకు పరీక్ష ఉన్నదే," అంది ప్రవళిక.

"పరీక్ష యాడికి పోతది?"

అంతే. యాదమ్మ నెమలి బొమ్మ పట్టుకుంది, కోడలు చదువుకున్నది కనుక దానితో చదివిస్తానని. ఇంకొకామె నీలం అట్ట కోసం చెయ్యి చాచింది. సభ్యత్వం లేకపోతే పుస్తకం ఇవ్వకూడదని పరమేశ్వర్ అనగానే అందరూ సభ్యులైపోయారు. చివరలు అబద్ధమైతే మొదళ్లు మాత్రం నిజమని నమ్మకమేమిటని ఒకామె మొదటి నుంచి వింటానంది. బీరువాలు చూస్తుండగానే పళ్లూడిన చిగుళ్లలా అయ్యాయి. గాలయ్యకు నవలలు మిగలక, కోళ్ల పెంపకం మీద ఉన్న పుస్తకం తీసుకున్నాడు.

ఇదంతా చూస్తూ కూర్చున్న అశోక్‌కుమార్, లేచి పోయేముందు ఎర్ర అట్ట మీద చెయ్యి వేశాడు. "ఇది మా ఆవిడ చదవలేదు. తీసుకెళ్లి మళ్లీ పంపిస్తాను," అని, కాస్త మొహమాటంగా సంతకం పెట్టాడు. గ్రంథాలయం ఉంటుందో పోతుందో తేల్చలేదు. "నేను చూసింది చూసినట్టు రాస్తాను. నిర్ణయం పైవాళ్లది," అన్నాడు.

అండాలుకు అన్నం సయించలేదు. పైవాళ్లు ఎవరో, వాళ్లు ఏ పుస్తకాలు చదివారో, చివరల దగ్గర ఏం చేస్తారో అని ఆమె బెంగ. మర్నాడు కథ చెప్పమని ఎవరూ పిలవరేమో అనుకుంది. మధ్యాహ్నం కాగానే హనుమమ్మ గోడ మీంచి కేకేసింది. "రావేంది? రాట్నాలు ఎదురుసూస్తున్నయ్. చివర మేం సదివిపిచ్చుకుంటం గని, నడుమ నువ్వు చెప్పినట్టు ఎవ్వరు చెప్తలేరు. ఈ పిల్లయితే రైలు పోయినట్టు సదువుతాంది."

మూడు వారాలకు వ్యాను రానే వచ్చింది. పైవాళ్ల కాగితం సారు రాసిన కాగితం కంటే ముందే బయలుదేరినట్టుంది. డ్రైవరు తాళ్లు, అట్టపెట్టెలు పట్టుకుని లోపలికి వచ్చి, బీరువాల వంక చూసి, పరమేశ్వర్ వంక చూశాడు. అరల్లో పాత గెజిట్లు, ఒక దేశపటం తప్ప ఏమీ లేవు. పరీక్షల పుస్తకాలు కూడా లేవు, పిల్లలు వాటిని ముందేసుకుని చదువుతున్నారు.

"పుస్తకాలేవి సార్?"

"సదువుతున్నరు."

"ఎవరు?"

"ఊరు."

డ్రైవరు ఎవరికో ఫోను చేశాడు. వాళ్లు అశోక్‌కుమార్‌కు చేశారు. ఆయన పరమేశ్వర్‌కు చేశాడు. పరమేశ్వర్ ఫోను అందరికీ వినపడేలా పెట్టాడు. ఆ గదిలో రహస్యంగా మాట్లాడటానికి జాగా లేదు.

"ఏంటయ్యా, ఒక్క పుస్తకమూ లేదంటున్నాడు?"

"పాఠకుల దగ్గరున్నయి సార్. అన్ని వాపసు వచ్చినంకనే లెక్కజూసి అప్పజెప్పాలె, రూలు మీకు తెల్సు గదా. గడువైనోళ్లు వచ్చి రెన్యువల్ చేయించుకున్నరు. కొంతమంది మార్సుకున్నరు. మీసాలాయన హనుమమ్మ దగ్గరికెళ్లి యాదమ్మ దగ్గరికి పోయిండు. ఎప్పటికి వస్తయో నేనెట్ల చెప్త సార్?"

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత, "సరే, అదే రాసి పంపు. పాఠకుల వద్ద ఉన్నందున తరలింపు సాధ్యం కాలేదని. వ్యాను వేరే ఊరికి పొమ్మను. మళ్లీ ఎప్పుడో చూద్దాం." గొంతు తగ్గించాడు. "ఎర్ర అట్ట పుస్తకం కూడా రాలేదని రాస్తావా?"

"రాయాలె గద సార్. మీ పేరు మీదనే ఉన్నది."

"మా ఆవిడ ఇంకా చదువుతోందయ్యా. నాలుగు పేజీలున్నాయి. అక్కడ ఆపేసి కూర్చుంది, నేను చెప్పనా అంటే చెవులు మూసుకుంటోంది."

అప్పటిదాకా మూలన బిక్కుబిక్కుమంటూ కూర్చున్న అండాలు గబుక్కున లేచి వచ్చి, ఫోనుకు నోరు దగ్గరగా పెట్టి, దూరాన ఉన్న మనిషికి వినపడేలా గట్టిగా అంది. "సారూ, ఆమెను తొందరపెట్టకు. ఒక్కదాన్ని సదవనీయకు. పక్కన కూసో."